అమ్మ అడిగిన తర్జుమా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు సాఫీగా వచ్చింది నాకొక్కదానికే. అప్పటికి నాకు పదేళ్ళు. బహ్రెయిన్‌లో, జింజ్ అనే పేటలో, ఒక రెండంతస్తుల ఇంటి కింది వాటాలో ఉండేవాళ్ళం. నాన్న ఓడలు బాగుచేసే యార్డులో స్టోర్‌కీపరు. ఆయనకు పని నడిచేంత ఇంగ్లీషు వచ్చు, అంతకు మించి నోరు విప్పేవారు కాదు. అమ్మకు కోనసీమ తెలుగు తప్ప మరో ముక్క రాదు. కూరగాయల కొట్టు మలబారీ మొదలు ఆస్పత్రి డాక్టరమ్మ దాకా ఎవరేమన్నా అమ్మ చెవికి నా నోటి మీదుగానే చేరాలి. ఆ పెద్దరికం చూసుకుని నేను భలే మురిసిపోయేదాన్ని.

పై వాటాలో ఇద్దరు అమెరికా వాళ్ళు ఉండేవారు. నాన్న పనిచేసే యార్డులోనే వెల్డర్లు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే ఉక్కు ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీ మూతపడితే పెళ్ళాం పిల్లల్ని అక్కడే వదిలి ఇద్దరూ కలిసి ఈ దీవికి వచ్చారు. వాళ్ళ పేర్లు అమ్మ నోటికి తిరగలేదు. అందుకని మా ఇంట్లో ఒకాయన పొడుగాయన, ఇంకొకాయన గడ్డమాయన. అమెరికా వాళ్ళంటే కలిగినవాళ్ళని అమ్మ మొదట్లో అనుకునేది. ఇంటికి ఫోన్ చేసుకోవడానికి వాళ్ళు మనవాళ్ళతో పాటు వరసలో నిలబడడం, ఉత్తరం వచ్చిన రోజు గదిలోకి వెళ్ళే ఓపిక కూడా లేక మెట్ల మీదే కూర్చుని చదువుకోవడం చూశాక ఆ మాట మానేసింది. "ఈళ్ళూ మనలాగే పొట్ట చేత పట్టుకుని వచ్చినోళ్ళేనండీ" అంది నాన్నతో. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళ భోజనం మా ఇంట్లోనే. గడ్డమాయన మజ్జిగ పులుసును గ్లాసులో పోయించుకుని తాగేవాడు. పొడుగాయన అప్పడం విరిచినప్పుడల్లా చిన్నపిల్లాడిలా నవ్వేవాడు.

ఆ ఏడు వాళ్ళ దేశంలో ఎన్నికలు వచ్చాయి. దాంతో శుక్రవారం భోజనాలు వేడెక్కడం మొదలయింది. మధ్యతరగతి నడుము విరిచింది పన్నులేనని, ప్రభుత్వం అడ్డు తప్పుకుంటే గాని ఉద్యోగాలు తిరిగి రావని పొడుగాయన అనేవాడు. లాభాలు మింగి పనివాణ్ణి రోడ్డున పడేసింది యజమానులని, అసలు పన్ను కట్టాల్సినవాళ్ళు కట్టడం లేదని గడ్డమాయన. అమ్మ వడ్డిస్తూ "ఏవంటున్నారే?" అని అడిగేది. "ఏదో వాళ్ళ ఊరి గొడవలే" అని నేను తేల్చేసేదాన్ని.

ఒక శుక్రవారం మాటా మాటా పెరిగింది. పొడుగాయన బల్ల మీద అరచేత్తో కొట్టి, మన జీతంలో పావు వంతుకు పనిచేసేవాళ్ళు లోకమంతా ఉంటే మనకు పనెవడిస్తాడు అన్నాడు. అదే సమయంలో నాన్న ఆయన గ్లాసులో మంచినీళ్ళు పోస్తున్నారు. నాన్న చెయ్యి ఆగలేదు. గ్లాసు నింపి, చెంబు పక్కన పెట్టి, ఏమీ విననట్టు తన కుర్చీలో కూర్చున్నారు. ఆయన ముఖం మాత్రం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

అమ్మ అలవాటు కొద్దీ నా వైపు చూసింది. నా ఒళ్ళు మండిపోతోంది. "నాన్నలాంటోళ్ళు వాళ్ళ నోటికాడి కూడు లాక్కున్న దొంగలంట" అని చెప్పాను.

అమ్మ పెరుగు గిన్నె బల్ల మీద పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నా తెలుగు వాళ్ళకు అర్థం కాలేదు గాని అమ్మ వాలకం అర్థమయింది. ఈ ఇంట్లో కూర్చుని అనే మాటేనా అది అని గడ్డమాయన లేచిపోయాడు. కాసేపటికి పొడుగాయన కూడా సగం తిన్న కంచం వదిలి మెట్లెక్కాడు.

ఆ వారమంతా పై వాటాలో వంట రెండుసార్లు జరిగింది. పొద్దున్న డ్యూటీకి కూడా ఒకడు వెళ్ళిన తర్వాతే మరొకడు బయలుదేరేవాడు. నాలుగో రోజు నాన్న అన్నం కలుపుకుంటూ తనలో తను గొణుక్కున్నారు. అమ్మ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పారు. యార్డులో వాళ్ళిద్దరూ ఒక జత. ఓడ అడుగున ట్యాంకులోకి ఒకడు దిగి వెల్డింగు చేస్తుంటే రెండోవాడు పైన మూతి దగ్గర కూర్చుని మాటిమాటికీ పలకరిస్తూ ఉండాలి. లోపల గాలి సరిగ్గా ఆడదు. బదులు రాకపోతే క్షణాల మీద పైకి లాగాలి. "నిన్న పైనున్నాయన పలకరించడం మానేసి సముద్రంకేసి చూస్తా కూర్చున్నాడు. లోపలాయన కళ్ళు తిరిగి, తనంతట తనే పాక్కుంటా బయటపడ్డాడు. జత మార్చమని ఇద్దరూ అడుగుతున్నారు. పని సగంలో ఎవరు మారుస్తారు?" అన్నారు నాన్న.

సాయంత్రం అమ్మ నా జడ వేస్తూ, ఆ రోజు ఆయన అన్నది అన్నట్టుగా మళ్ళీ చెప్పమంది. జడ ఆమె చేతిలో ఉంది, పారిపోవడానికి లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. దొంగలన్న మాట ఆయన అననే లేదని, నాన్న పేరు కూడా ఎత్తలేదని ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఆయన మాటలో నీ కోపం కలిపి నాకు పోశావన్నమాట. అదే తాగి నాలుగు రోజుల్నించి మండిపోతన్నాను" అంది. జడకు రిబ్బను కట్టి, పైకి వెళ్ళి శుక్రవారం భోజనానికి ఇద్దర్నీ విడివిడిగా పిలిచి రమ్మంది.

ఇద్దరూ వచ్చారు, బల్లకు ఆ చివరొకరు ఈ చివరొకరు కూర్చున్నారు. కడుపు నిండేదాకా అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. కంచాలు తీసేశాక నన్ను మధ్యలో నిలబెట్టింది. ముందు నా తప్పు నా చేతే చెప్పించింది. నేను తలొంచుకుని ఇంగ్లీషులో చెప్పాను. పొడుగాయన ముఖం ఎర్రబడింది. ఆ తర్వాత అమ్మ ఆయనతోనే అసలు సంగతి మొదలుపెట్టింది.

"నాకు ఇంగ్లీషు రాదు అన్నయ్యగారూ. మీరెందుకు కొట్టుకుంటున్నారో నాకు తెలవాలి. ఎవరి కోపం వాళ్ళు చెప్తే నాకు అరుపులే వినపడతన్నాయి. అంచేత ఆయన మాటేదో మీరు చెప్పండి. మీ మాటేదో ఆయన చెప్తారు. మా పిల్ల నాకు తెలుగులో చెప్తాది. తప్పు చెప్తే, ఆ మాట ఎవరిదో వాళ్ళు సరిదిద్దండి."

ఇదేం ఆట అన్నట్టు పొడుగాయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఆయన భుజాలెగరేసి, వీడికి డబ్బున్నవాడంటే కుళ్ళు, అంతే అన్నాడు. అది కాదన్నాడు గడ్డమాయన. అయితే మళ్ళీ చెప్పమంది అమ్మ. రెండోసారీ కుదరలేదు. మూడోసారి పొడుగాయన నెమ్మదిగా చెప్పాడు. గడ్డమాయన వాళ్ళ నాన్న కూడా ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసి ముసలివాడయ్యాడు. వీడు కొలిమి పగుళ్ళిచ్చిందని, బాగుచేయించమని పైవాళ్ళకు చెబుతూనే ఉన్నాడు. వచ్చే ఏడు చూద్దామన్నారు. లాభమొచ్చిన ఏళ్ళలో కూడా అదే మాట. చివరికి కొలిమి పాతదైపోయిందని చెప్పి ఫ్యాక్టరీయే మూసేశారు. తను చెప్పిన మాట ఎవడైనా విని ఉంటే ఊరు నిలబడేదని వీడి బాధ. ఇలా చెప్పి ఆగాడు. నేను అమ్మకు తెలుగులో చెబుతుంటే గడ్డమాయన కళ్ళు తుడుచుకున్నాడు. అంతేనన్నట్టు తల ఊపాడు.

గడ్డమాయన వంతు వచ్చింది. తడుముకోకుండానే చెప్పాడు. పొడుగాయన వాళ్ళ నాన్నది ఇనుప సామాన్ల కొట్టు. ఫ్యాక్టరీ పోయాక మేకు కొనేవాడు కూడా లేడు. పన్ను కట్టేవాళ్ళు తగ్గిపోయారు కాబట్టి మిగిలినవాళ్ళ మీద ఊరి పన్ను పెరిగింది. బేరం లేని కొట్టుకు పెరిగిన పన్ను కట్టలేక ఆ ముసలాయన తలుపులు మూసేశాడు. ఆ రోజు బోర్డు దించడానికి నిచ్చెన పట్టుకున్నది వీడే. పన్ను మాటెత్తితే వీడికి ఆ నిచ్చెనే గుర్తొస్తుంది.

పొడుగాయన ఏమీ సరిదిద్దలేదు.

ఇక అయిపోయిందనుకున్నాను. అమ్మ పొడుగాయన వైపు తిరిగి, "మరి మా ఆయన మాటో? అదీ మీరే చెప్పండి" అంది. ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పాను. ఆయన నాన్నకేసి చూశాడు. రెండేళ్ళుగా వారం వారం ఆ చేతి నీళ్ళు తాగుతున్నాడు. తనకు తెలియదన్నాడు. తర్వాత నాన్ననే అడిగాడు, నువ్వెందుకొచ్చావు ఇక్కడికి అని.

నాన్న ఇంగ్లీషులో అన్ని మాటలు వరుసగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. మా ఊళ్ళో కొబ్బరి పీచుతో తాళ్ళు పేనేవాళ్ళమని, పడవలకూ ఓడలకూ మా తాళ్ళే వెళ్ళేవని చెప్పారు. నైలాను తాళ్ళు వచ్చాక మావి ఎవరూ కొనలేదట. అవి ఏ దేశంలో చేశారో, చేసినవాడికి ఎంత ఇచ్చారో మాకెవరూ చెప్పలేదన్నారు. "ఇప్పుడు స్టోర్లో మీకు నేనిస్తున్న తాళ్ళు అవే సార్" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పారు.

పొడుగాయన లేచి వెళ్ళి నాన్న పక్కన కూర్చున్నాడు. తను ముఖం చూడని మనుషుల గురించి మాట్లాడానని, క్షమించమని అమ్మకు చెప్పమన్నాడు. నేను చెప్పాను. పెరుగన్నం తినకుండా లేచారు కదా పోయిన వారం, ఇప్పుడు తినమను అంది అమ్మ.

వాళ్ళ పట్టుదలలేం మారలేదు. ఆ ఎన్నికల్లో చెరొక వైపే నిలబడ్డారు, వాదించుకోవడమూ మానలేదు. కాని మర్నాడు పొద్దున్న ఒకే బండిలో డ్యూటీకి వెళ్ళారు. జత మార్చమన్న మాట మళ్ళీ రాలేదు. రెండేళ్ళ తర్వాత గడ్డమాయన తన భార్యకు ఒంట్లో బాగాలేదని ఇంటికి వెళ్ళిపోయాడు. సాగనంపడానికి పొడుగాయనతో పాటు మేమూ విమానాశ్రయం దాకా వెళ్ళాం. దారిపొడుగునా ఇద్దరూ పన్నుల గురించే కొట్టుకున్నారు.

నేను పెద్దయ్యాక ఒకసారి అమ్మను అడిగాను, ఆ ఉపాయం నీకెలా తట్టిందని. "ఉపాయవేంటే? నాకు నిజంగానే అర్థం కాలేదు, అందుకే అడిగాను" అంది. ఆ మాట నిజమో, అది కూడా ఆమె ఉపాయమో నాకు ఈనాటికీ తేలలేదు. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది.

ఇప్పుడు నాకు యాభై ఆరు. ఇక్కడే బహ్రెయిన్‌లోనే ఉన్నాను. పనివాళ్ళకూ కంపెనీలకూ మధ్య మాట చేరవేయడమే నా ఉద్యోగం. అమెరికా ఉద్యోగాల గొడవ, సుంకాల గొడవ మళ్ళీ అందరి ఫోన్ల నిండా ఉంది. మా తమ్ముడొక పక్షం, మా అల్లుడొక పక్షం. ఎవరు నా దగ్గరికి వచ్చినా రెండోవాడి మాట చెప్పమంటాను. చాలాసార్లు విసుక్కుని ఫోన్ పెట్టేస్తారు. ఎప్పుడో ఒకసారి ఆగి చెబుతారు. ఆ ఒక్కసారి చాలు నాకు.

మొన్న నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక తాపీ మేస్త్రీ నా ముందు కూర్చుని, "గంత ఎండల పని చేపిచ్చుకొని ఓవర్‌టైం లేదంటె ఎట్లమ్మా?" అని కంటతడి పెట్టాడు. అవతల కంపెనీ మనిషి గడియారం చూసుకుంటున్నాడు. ఆ మాటను ఇంగ్లీషులోకి తిప్పబోయే ముందు నాలో కోపం పొంగుకొచ్చింది. ఇంకో రెండు ఘాటైన మాటలు కలపాలని నాలుక దురద పెట్టింది. ఒక్క నిమిషం అని చెప్పి మంచినీళ్ళు తాగాను. తర్వాత అతను అన్నది అన్నట్టుగా చెప్పాను, అతని గొంతులోని తడితో సహా. నా వంతుగా ఏమీ కలపలేదు. కలపాల్సిన అవసరం లేనంత బరువు ఆ మాటలోనే ఉంది. కంపెనీ మనిషి గడియారం మీద నుంచి కళ్ళెత్తి, మళ్ళీ చెప్పమన్నాడు.