బీరపాదు మీద సున్నం

మా బీరపాదును మాడ్చింది అక్క కాదు, నేను. ముప్పయ్యేళ్లు దాచిన ఈ మాట, నిన్న అక్క ఇంటికి వెల్ల వేస్తుంటే తడిసున్నం వాసనకు గొంతుదాకా వచ్చింది.

యుద్ధం రోజుల్లో నరసరావుపేటలో మా పెరట్లో ఇద్దరం బీర, బంతి పెంచేవాళ్లం. తొలిపిందె కనబడితే గంతులేసేవాళ్లం. పురుగు పట్టకుండా అక్క ఆకులమీద బూడిద చల్లేది. ఆమె బయట చేరినప్పుడు నేను చల్లాను. వేళ్లు మండాకగాని అది గోడలకు తెచ్చిన పొడిసున్నమని తెలియలేదు.

మర్నాటికి ఆకులు మాడాయి.

"ఏమే, ముట్టుతో పాదులోకి పోయావా?" అని నాయనమ్మ అరిచింది.

"ఆ దిక్కే పోలేదే! ఒరేయ్, నువ్వన్నా చెప్పరా" అంది అక్క.

మండుతున్న చేతులు వెనక్కి దాచుకుని నిలబడ్డాను. ఆపైన నాయనమ్మ అక్కను పెరట్లోకి రానివ్వలేదు.

నిన్న అంతా చెప్పి, "నువ్వు తిట్లు తింటుంటే చూస్తూ ఊరుకున్నా. చానా తప్పు చేశానక్కా, క్షమించు" అన్నాను.