గోల్‌కీపరు నోరు మూసుకున్న ఆదివారం

మధ్యాహ్నం రెండుంబావుకు గిద్దలూరు స్టేషనులో దిగాం. మనుషులు పద్దెనిమిది, రైఫిళ్లు పద్దెనిమిది, దోమతెరలు పదకొండు. ప్లాట్‌ఫారం బండలు కాలుతున్నాయి. నాతో శిక్షణ పొందినవాళ్లు బర్మా సరిహద్దుకు వెళ్లారు. నన్ను మా మార్కాపురానికి రైల్లో పూట కూడా పట్టని దూరానికి పంపారు. జపానువాళ్లు మా ఊరి పలకల కోసం వస్తారని ఎవరికో అనుమానం వచ్చి ఉండాలి.

ఆర్డరు ఒక్కటే. నంద్యాల వైపు, నల్లమలలో ఉన్న రైలు సొరంగానికి కాపలా. ఆరు గంటలు నిలబడాలి, ఆరు గంటలు పడుకోవాలి. నీళ్లు ఉదయం ఏడింటి ఇంజనుతో వచ్చేవి. ఇంజను ఆలస్యమైతే దాహమూ ఆలస్యంగానే వేయాలి. రెండు గంటలకోసారి స్టేషనుకు టెలిఫోను చేయాలి.

"సొరంగం మాట్లాడుతున్నా. ఏమీ లేదు."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదన్నా."

"సరే, రాసుకున్నా."

శత్రువు ఒక్కసారీ కనబడలేదు. దోమలు మాత్రం వేళకు డ్యూటీకి వచ్చేవి. తర్వాత ఫుట్‌బాల్ ఆటలో మా గోల్‌కీపరైన ఆయనకు రోజు విడిచి రోజు చలిజ్వరం. పట్టాళంలోకి రాకముందు పుల్లలచెరువు దిక్కు గొర్రెల కాపరి. నేను మామా అనేవాణ్ణి, తను అల్లుడా అనేవాడు. మందులిచ్చే ఆర్డర్లీ, మా సెక్షనుకు పెద్ద అయిన హవల్దారును పక్కకు పిలిచి చెప్పాడు: "వానాకాలం కూడా ఈయన్ని ఈడనే ఉంచితే, ఈయన నడిచి దిగడు సాబ్. మోసుకొని దించాల."

మా కంపెనీలో రెండో సెక్షను, ఇంకో పద్దెనిమిదిమంది, గిద్దలూరు స్టేషనులో ఉండేది. వాళ్లకు బావి, పైకప్పు, వేడి కాఫీ. జూన్ మొదట్లో రెండు సెక్షన్లూ వానాకాలం స్టేషను మాకంటే మాకని అర్జీలు పెట్టుకున్నాయి. కెప్టెను దొర అర్జీలు చదివే మనిషి కాదు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫుట్‌బాల్ ఆడమన్నాడు. గెలిచినవాళ్లకు స్టేషను, ఓడినవాళ్లకు సొరంగం. ఆదివారం మామకు జ్వరం రాని రోజు. ఆ ఒక్క విషయంలో దేవుడు మా వైపున్నాడు.

మామ గోలులో నిలబడితే మమ్మల్ని గొర్రెల్లాగే తోలేవాడు. డుర్ర్ అంటే అందరూ దగ్గరికి రావాలి. హైచ్ అంటే కుడికి పోవాలి. నాలుకతో టక్‌టక్‌మంటే కదలకూడదు. హవల్దారు సేలం అరవాయన, మిగతావాళ్లు నాలుగు జిల్లాలవాళ్లు. ఆ మాట అందరికీ అర్థమయ్యేది. ఆ వారం మామకు జ్వరం లేని రోజుల్లో చేసిన ప్రాక్టీసులో మా మీద ఒక్క గోలు పడలేదు.

బట్టలు మార్చుకోవడానికి స్టేషను పక్కన ఒక పాత గూడ్సు పెట్టె ఇచ్చారు. శుక్రవారం ప్రాక్టీసయ్యాక అందులో నేను మామను అనుకరించాను. తలగుడ్డ చుట్టి, కర్ర పట్టి, డుర్ర్ అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. జ్వరంతో వణుకుతూ డుర్ర్ అనడం కూడా చేసి చూపించాను. పెట్టె దద్దరిల్లేలా నవ్వారు. హవల్దారు కళ్లు తుడుచుకున్నాడు. మామ తన చొక్కా మడత పెట్టుకుని దిగి వెళ్లిపోయాడు. పైగా నేను నవ్వినవాళ్లకు వంగి దండం పెట్టాను.

ఆదివారం నాలుగింటికి ఆట మొదలైంది. గోలులోంచి చప్పుడు లేదు. కుడి బ్యాకు నేను, ఎడమ బ్యాకు ఆడేవాడు, అవతలి జట్టులో ఒకే మనిషి మీదికి పోయి తలలు కొట్టుకున్నాం. పదకొండో నిమిషంలో ఒక గోలు, ఇరవయ్యో నిమిషంలో ఇంకోటి. కాపలాకు మిగిలినవాళ్లకు స్టేషను గదిలోంచి మావాడొకడు టెలిఫోనులో అరిచిన అరుపు మైదానం దాకా వినిపించింది, అవతలి మాటలు వాడే తర్వాత చెప్పాడు.

"సొరంగం, రెండు సున్నా."

"మనమేనా రెండు?"

"కాదప్పా. మనం సున్నా."

"రాసుకోవద్దులే."

హాఫ్ టైములో పెట్టెలో ఎవరి మూల వాళ్లది. పదకొండు మంది పదకొండు దిక్కులు చూస్తున్నారు. హవల్దారు అడిగాడు: "ఏమప్పా, ఎందుకు అరవలేదు నువ్వు?"

మామ కాళ్ల మట్టి గీక్కుంటూ అన్నాడు. "నాకు గొర్రెల కాడి మాటే వచ్చు సాబ్. వీళ్లు మనుషులంట గదా."

అందరూ నా వైపు తిరిగారు. క్షమాపణ ఉపన్యాసం ఒకటి తయారు చేసుకున్నాను. నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

"మామా, మాట వినని గొర్రెను ఏం చేస్తావు?"

"యెనక కాలు పట్టి ఈడుస్తా."

నేను బోర్లా పడుకుని కాలు చాపాను. తమాషాకు పట్టుకుని వదిలేస్తాడనుకున్నాను. వదల్లేదు. మడమ పట్టి పెట్టె ఆ చివర నుంచి ఈ చివర దాకా ఈడ్చాడు. చెక్కపేళ్లు ఎక్కడెక్కడ గుచ్చుకున్నాయో రాయను. మొదట నవ్వింది మామే. "బరువుండావు రా అల్లుడా, అమ్మితే బాగానే పలుకుతావు" అన్నాడు. ఎడమ బ్యాకు వచ్చి నా పక్కన పడుకుని తన కాలూ చాపాడు. "నాదీ లాగు మామా, నేను గూడా నవ్వినా." ఈల మోగేసరికి పెట్టె గడప దాటడానికి పదకొండుమందీ ఒకరినొకరు తోసుకుంటున్నారు.

రెండో సగమంతా డుర్ర్, హైచ్, టక్‌టక్. మూడు గోల్స్ కొట్టి గెలిచాం. మూడోది మా సెంటర్ ఫార్వర్డు ఏదో అడుగుదామని వెనక్కి తిరిగితే బంతి వీపుకు తగిలి లోపలికి పోయింది. చరిత్రలో గొప్ప విజయాలు ఎట్లా వచ్చాయో నాకు అప్పటి నుంచి కొంత అనుమానం.

సెప్టెంబరులో మామకు జ్వరం విడిచింది. యుద్ధం ముగిశాక ఇంటికొచ్చాను. మా నాయన అరుగు మీద కూచున్నవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. "ఏంది రా, అంత యుద్ధానికి పోయినావు, ఏం చూసినావు?" సొరంగం చూశానంటాను. నవ్వుతారు.

చూసింది ఇంకొకటి. ఆట మరునాడు ఉదయం ఆరున్నరకు తొలి వాన చినుకులు పడుతున్నాయి. రెండో సెక్షనును సొరంగానికి తీసుకెళ్లే బండి కదిలింది. తలుపు తెరిచే ఉంది. లోపల పద్దెనిమిదిమంది, ఎవరి ట్రంకు మీద వాళ్లు, హాఫ్ టైములో మాలాగే, ఒకరికొకరు వీపు పెట్టి కూచున్నారు. వాళ్ల గోల్‌కీపరు చేయి బయట పెట్టి అరచేతిలో వాన పట్టుకుంటున్నాడు.