సురినామ్ చెక్క పెళ్ళిపీట

పోయిన ఆదివారం మనవరాలికి చెవులు కుట్టించాం. కంసాలి రాగానే మా అల్లుడు బాల్కనీ కిటికీ కింద ఉండే పొడుగు పీటను ఎత్తుకొచ్చి హాల్లో వేశాడు. ఎత్తుకొచ్చాడు అని రాయడం తేలికే, ఆ బరువుకు అతను దారిలో రెండుసార్లు ఆగాడు. అమ్మాయి, అల్లుడు పక్కపక్కన కూర్చున్నారు, పాప వాళ్ళమ్మ ఒళ్ళో. పాప ఏడుపు అందుకునేలోగా నేను కళ్ళజోడు సవరించుకుని, పీట నడిమధ్యన ఉండాల్సిన ఒక గీత కోసం వెతికాను. ఆ గీత వెనక మా తమ్ముడి పరువు, నా కాపలా, సముద్రాల అవతలి ఒక చిన్న దేశం ఉన్నాయి.

మా తమ్ముడు అప్పట్లో, మేం బతుకుదెరువుకు వలసొచ్చిన నగరం శివార్లలో సచిన్ అనే చోట ఒక డైయింగు మిల్లులో బట్టలకు రంగులేసేవాడు. వాడి గోళ్ళు చూస్తే ఆ రోజు మిల్లులో ఏ రంగు నడిచిందో చెప్పొచ్చు. మేనమామగా పెళ్ళిపీట తనే చేయిస్తానని మా అమ్మాయి ఉయ్యాలలో ఉన్నప్పుడే మాటిచ్చాడు. తీరా పెళ్ళి కుదిరాక, అందరిలా టేకు పీట అయితే ఏం గొప్ప అని ఇచ్ఛాపూర్ వైపు కలప డిపోలన్నీ తిరిగాడు. ఒక డిపోలో రంపం పనిచేసే బిహార్ ఆయన, సురినామ్ అడవుల నుంచి ఓడలో వచ్చిన దుంగ తాలూకు ముక్క చూపించాడట. ఇక ఆ సాయంత్రం నుంచి మా తమ్ముడు సురినామ్‌లో పుట్టి పెరిగినవాడిలా మాట్లాడటం మొదలుపెట్టాడు. దేశం చిన్నది, జనం తక్కువ, సముద్రం ఒడ్డున కాస్త వరి, అరటి తప్ప లోపలంతా వానలు కురిసే అడవేనట. నేల కింద బంగారమట. ఓడరేవుల్లో గుంజలుగా పాతితే ఏళ్ళ తరబడి పురుగు ముట్టని కలప కూడా అక్కడ దొరుకుతుందట. బిహార్ నుంచి కూలికి పోయినవాళ్ళ మనవలు ఇప్పటికీ అక్కడ ఆ రంపం ఆయన నాయనమ్మ భాషే మాట్లాడుతున్నారట. రోజూ సచిన్ బస్సు తప్ప వేరే బండి ఎక్కని మనిషి ఇదంతా చెబుతుంటే, మా ఆయన నవ్వాపుకోలేక టీ గ్లాసు కింద పెట్టేశాడు.

పీట తయారై కోసాడ్‌లోని మా ఇంటికొచ్చింది. చూస్తే బూడిద కలిసిన మట్టి రంగు. నా మొహం చూసి తమ్ముడు, "జర ఆగక్కా. ఎండ తగిలితే నేరేడుపండు రంగు వస్తదంట. ఎవ్వలు వెయ్యాల్సిన పనిలేదు, దానంతట అదే వస్తదంట" అన్నాడు.

"వచ్చిన రంగు ఊకుంటదా? తడి పసుపు బట్టలతోటి పిల్ల కూసుంటది. తెల్లచీరకు అంటుకుంటే ఏం గావాలె?" అన్నాను.

అనకుండా ఉండాల్సింది. రంగు పక్కానా కచ్చానా అన్న అనుమానం డైయింగు మనిషి చెవిలో వేస్తే వాడికి అన్నం సహిస్తుందా? తెల్లగుడ్డ తడిపి పీటను అరచేయి మండేదాకా రుద్దాడు. సబ్బు నీళ్ళు కాచి పోశాడు. గుడ్డ తెల్లగానే ఉంది. అంతటితో ఊరుకోవచ్చు కదా! మిల్లులో గుడ్డ రంగు ఎండకు వెలుస్తుందో లేదో చూడటానికి సగం ముక్కను అట్టతో కప్పి ఎండలో పెడతారు. వీడు చీరల డబ్బా అట్ట చింపి, పీటలో సగం కప్పి, సుతిలితో కట్టి, బిల్డింగు టెర్రస్ మీద నాలుగు రోజులు పెట్టాడు. అయిదో రోజు పొద్దున అట్ట విప్పితే ఎండలో ఉన్న సగం నిగనిగలాడే నేరేడు రంగు, అట్ట కింది సగం అదే మట్టి రంగు, మధ్యలో కత్తితో కోసినట్టు గీత. పెళ్ళికి మూడు రోజులుంది.

"ముప్పై ఏండ్లల్ల ఎండకు రంగు పోవుడే చూసినక్కా, వచ్చుడు గిప్పుడే చూస్తున్న" అని తమ్ముడు అక్కడే చతికిలబడ్డాడు. మగపెళ్ళివారు సిరిసిల్ల నుంచి బయలుదేరబోతున్నారు. మేనమామ పీట చూసి నలుగురూ నవ్వితే వాడు మళ్ళీ మనుషుల్లోకి రాడని నాకు తెలుసు. నాకు కోపం వచ్చింది, వాడిని చూస్తే ఏడుపూ వచ్చింది. నాలుగు తిట్టి, నేరేడు సగానికి గోనెసంచి చుట్టి, మట్టి సగాన్ని ఎండకు పెట్టాను. ఆ మూడు రోజులూ పెళ్ళిపనులన్నీ మా ఆయన మీద పడేసి, నేనూ తమ్ముడూ టెర్రస్ మీద నీళ్ళట్యాంకు నీడ జరిగినప్పుడల్లా పీటను జరుపుతూ కూర్చున్నాం. చిన్నప్పటి తరవాత మేమిద్దరం అంతసేపు కలిసి కూర్చున్నది అప్పుడే. అంతగా నవ్వుకున్నదీ అప్పుడే.

పెళ్ళినాటికి రెండు సగాలూ దగ్గరకొచ్చాయి గానీ గీత మిగిలింది. వియ్యపురాలు దాన్ని చూడనే చూసింది. "ఇదేంది, రెండు కట్టెలు అతికిచ్చిన్రా?" అంది. తమ్ముడు చేతులు కట్టుకుని, "ఒక్కటే కట్టె వదినె. ఒక దిక్కు ఎండ ముందుగాల తగిలింది, ఇంకో దిక్కు ఎనక తగిలింది. కలుస్తయి, జర టైం పడ్తది" అన్నాడు. ఆవిడ పీట మీద చేయి వేసి నిమిరి, "మావోడు ఏ దిక్కు కూసోవాలె మరి?" అని నవ్వేసింది. పందిరంతా నవ్వింది. నాకు ఆవిడ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

తలంబ్రాలయ్యాక అమ్మాయి లేచి నిలబడగానే, అందరూ జంట మొహాలు చూస్తుంటే మా తమ్ముడు మాత్రం వంగి చీర వెనక భాగం చూస్తున్నాడు. పసుపు తప్ప ఇంకో మరక లేదు. "పాస్!" అని మిల్లులో అరిచినట్టే అరిచి, తర్వాత కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

పెళ్ళయ్యాక పీట అమ్మాయి ఇంటి కిటికీ కిందకు చేరింది. రోజూ మీద పడే ఎండకు నేరేడు రంగు కూడా మెల్లగా ముదిరి, ఇప్పుడు నిండు గోధుమ రంగయింది. మొన్న ఆదివారం తమ్ముడు కూడా నా పక్కన వంగి గీత కోసం వెతికాడు. వేలితో తడిమి చూశాడు. దొరకలేదు. పీట మీద అమ్మాయి, అల్లుడు పాపను ఊరడిస్తూ, ఏడుపు నీ వల్లంటే నీ వల్లని గొడవపడుతున్నారు. మేం మూడు రోజులు నీడతో పోట్లాడినా చెరగని గీతను కాలం ఏ రోజున చెరిపేసిందో మాలో ఎవరమూ చూడలేదు.