అక్రం వాళ్ళ నాన్న ఎక్కడున్నా రావాలి

సుభానీ బాబాయి మెల్లగా మాట్లాడగా మా వీధిలో ఎవరూ వినలేదు. నరసరావుపేటలో మైకుసెట్టు సుభానీ అంటే, ఒకప్పుడు పెళ్ళివారు పురోహితుడి కంటే ముందు ఆయన్ని ఖాయం చేసుకునేవారు. బతుకంతా మైకు బూరల కింద నిలబడితే చెవులు మాత్రం ఏం మిగులుతాయి? డీజేలు వచ్చి పని పోయింది. జైనాబ్ బీ పిన్ని చనిపోయాక ఇంట్లో మాటా పోయింది. కొడుకు అక్రం లారీ మీద ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. మనవరాలు షబ్నం హాస్టల్‌కి పోతూ తన కంప్యూటర్ని ఆ ఇంట్లోనే వదిలేసింది.

మాది పక్కిల్లు, గోడ ఒకటే. పిన్ని పోయాక కొన్నిరోజులు పొద్దున్నే ‘ఏమే’ అని ఆయన కేక వినబడేది. ఆ వెనక ఏమీ వినబడేది కాదు. అలవాటు కొద్దీ పిలిచి, నాలుక కరుచుకునేవాడన్నమాట.

ఒకరోజు ఆయన చేతిలో పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు. పాత క్యాసెట్ ఒకటి దొరికితే గుంటూరులో ఎవరిచేతనో అందులోకి ఎక్కించుకున్నాడట.

“దుర్గా, ఇందులో మీ పిన్ని గొంతుంది. కంప్యూటర్లో పెడితే గుయ్యిమంటంది తప్ప మాట వినపడట్లా. ఏందో చూడమ్మా.”

నేను జిరాక్స్ షాపు నడుపుతాను కాబట్టి కంప్యూటర్ల సంగతి నాకన్నీ తెలుసని వీధి నమ్మకం. నాకు తెలిసింది ప్రింటు తీయడం, కాయితం ఇరుక్కుంటే లాగడం. చెప్తే వింటారా?

ఆ క్యాసెట్ కథ మాత్రం నాకు బాగా తెలుసు. కోటప్పకొండ తిరునాళ్ళలో తప్పిపోయినవాళ్ళ కోసం మైకులో పిలిచే పందిరి ఆ ఏడు బాబాయిదే. పిన్ని, మా అమ్మ సుబ్బులమ్మ కలిసి ఆయనకు అన్నం క్యారేజీ తీసుకెళ్ళారు. పందిట్లో మనిషి లేడు. ఎక్కడో లైట్లతో ఎత్తుగా కట్టిన ప్రభ దగ్గర జనరేటర్ ఆగిపోతే దాన్లో తలదూర్చి ఉన్నాడు. అన్నం చల్లారిపోతోందని పిన్నే మైకు పట్టుకుంది. “అక్రం వాళ్ళ నాన్న ఎక్కడున్నా మైకు దగ్గరికి రావాలి” అంది. ఆ తిరునాళ్ళలో అక్రంలు ఎంతమందో, వాళ్ళ నాన్నలు ఎంతమందో! జనం నవ్వారు. ఆ తర్వాత మైకులో ‘సుభానీ’ అని పేరు వినబడిందట. మొగుడి పేరు నోటితో చెప్పే ఆచారం లేని మనిషి కొండంత జనంలో పేరు పెట్టి పిలిచిందని ఊరంతా ఏడిపించింది. ఆవిడ మాత్రం చచ్చేదాకా “నేనన్లా” అనే అంది. జనరేటర్ మోతలో ఉన్న బాబాయి ఒక్కడే అది వినలేదు. తిరునాళ్ళ కమిటీ అధ్యక్షులవారి ఉపన్యాసం రికార్డు చేయడానికి పెట్టిన టేపు అలాగే తిరుగుతూ ఉండటంతో అదంతా క్యాసెట్లోకి ఎక్కింది.

“అన్నదో లేదో నాకు తెలియాల. ఒక్కసారైనా నన్ను పేరుతో పిలిచిందని వినాలనుంది” అన్నాడాయన. ఆ పెద్ద గొంతు ఆ మాట దగ్గర సన్నబడింది. అంతకు ముందు నేను లోపల విసుక్కున్నందుకు నామీద నాకే కోపం వచ్చింది.

ముందు నా ఫోన్లో పెట్టి చూశాం. బాబాయివి మైకు రోజులనాటి బరువైన హెడ్‌ఫోన్లు, ఆయన చెవులకు అవైతేనే ఆనతాయి. ఫోను బలం వాటికి చాలక గొంతు చీమంత వచ్చింది. సరేనని మల్లమ్మ సెంటర్ పక్క సందులో కంప్యూటర్ సామాను అమ్మే శరత్ షాపుకి పోయాం.

“హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ కావాలండి” అన్నాను.

“ఎన్ని వాట్లు?” అని బాబాయి అందుకున్నాడు.

శరత్ అరచేతిలో పట్టేంత డబ్బా చూపిస్తే ఆయనకు నామోషీ అయింది. “ఇదేంది, సున్నం డబ్బీ అంత లేదు. ఇంకా పెద్దది తియ్.”

“బాబాయ్, ఇది చెవికి పెట్టుకునేది. ప్రభ మీద కట్టేది కాదు” అన్నాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడు. షాపులో ఉన్నవాటిలో పెద్దదే కొనిపించాడు.

ఇంటికొచ్చి కంప్యూటర్‌కి తగిలిస్తే గొంతు పెరిగింది, దాంతోపాటు గుయ్యిమనే మోతా పెరిగింది. ఆంప్లిఫయర్ పనే అది కదా, గోరంతది కొండంత చేయడం. మంచిదా చెడ్డదా అని అదేం అడుగుతుంది? బతుకంతా ఏ రోగానికైనా ఆంప్లిఫయరే మందు అనుకున్న మనిషికి ఆ సంగతి చెప్తే ఎక్కదు.

“టేపే చెడిపోయినట్టుందమ్మా” అన్నాడు చివరకు. హెడ్‌ఫోన్లు తీసి మంచం మీద పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

నాకు మనసొప్పలేదు. వాటిని తగిలించుకుని, టేపు ఆపేసి మౌసు కదిపాను. కదిపినప్పుడల్లా చెవిలో జుర్రు జుర్రుమంటోంది. టేపు తిరగనప్పుడు టేపుది తప్పెలా అవుతుంది? శరత్‌కి ఫోన్ చేశాను.

“అది కంప్యూటర్ పొట్టలో నుంచి వచ్చే మోతక్కా. అందులో శబ్దం బయటికిచ్చే సౌండ్ కార్డు దాన్ని కూడా పట్టుకుంటంది. యూఎస్‌బీకి తగిలించే సౌండ్ కార్డు బయటపెట్టుకోండి. ఆ ఆంప్లిఫయర్ దానికి కలపండి” అన్నాడు. ఈ ముక్క మొదటే చెప్పొచ్చుగా అని కడిగేశాను. మీరు ఆంప్లిఫయరే అడిగారుగా అన్నాడు. నిజమే మరి.

శుక్రవారం నమాజు నుంచి వచ్చి బాబాయి ఆ టోపీతోనే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కొత్త కార్డు తగిలించి హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టాను. మౌసు కదిపాను. “మోత లేదమ్మా” అన్నాడు ఆశ్చర్యంగా. టేపు వేశాను.

ఆయన పెదవులు కదిలాయి, ‘అక్రం వాళ్ళ నాన్న’ అని. చిన్నగా నవ్వాడు. అంతలో నవ్వు ఆగిపోయింది.

“పేరు చెప్పింది మీ అమ్మ” అన్నాడు. “మీ పిన్ని కాదు. సుబ్బులొదిన గొంతు.”

ఇన్నేళ్ళూ ‘నేనన్లా’ అంటే పిన్ని మాట ఎవరూ నమ్మలేదు. మా అమ్మా పోయేదాకా నిజం బయటపెట్టలేదు. నేను టేపు ఆపబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంకా ఏదో వినబడుతోంది. ఆయన కళ్ళు నిండిపోయాయి. ఉన్నట్టుండి వీధి అదిరేలా కేక వేశాడు.

“వినపడిందే జైనాబూ! ఇక్కడే ఉన్నా, మైకు కాడే ఉన్నా!”

ఆ ఇంట్లో నుంచి ఆ పేరు నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. ఎప్పుడూ ‘ఏమే’ తప్ప. ఎదురింటి వాళ్ళు గుమ్మంలోకి వచ్చారు.

ఆయన హెడ్‌ఫోన్లు తీసి నా తలకు పెట్టాడు. నేను వెనక్కి తిప్పి వేశాను. మా అమ్మ గొంతు గట్టిగా ‘సుభానీ’ అంది. పోయిన అమ్మ నా చెవి దగ్గరే ఉన్నట్టనిపించింది. ఆ తర్వాత మైకు ఆగిందనుకుని పిన్ని పక్కకు తిరిగి మా అమ్మతో అంటోంది. “ఇంతమందికి వినపడింది, ఆయనకే వినపళ్ళా. ఈ మనిషికి నా మాట ఎప్పుడు వినపడాల అక్కా?”

నేను హెడ్‌ఫోన్లు తీసేసరికి ఆయన ఇంకా పిలుస్తూనే ఉన్నాడు, జైనాబూ, జైనాబూ అని.

“మెల్లగా బాబాయ్. వీధంతా వింటన్నారు.”

“విననీ అమ్మాయ్” అన్నాడు.