మస్తాన్ గారు సంతకం పెట్టిన నలభై మూతలు

నిన్న పొద్దున ఆటోనగర్ వాట్సాప్ గ్రూప్‌లో ఫోటో చూశాను. మస్తాన్ గారు ఇక లేరు. గుండెపోటట.

టిఫిన్ ప్లేటు ముందు అలాగే ఉండిపోయాను. నా భార్య రెండుసార్లు పిలిచిందట, వినపడలేదు.

గ్రూప్‌లో అందరూ దండం ఎమోజీలు పెడుతున్నారు. నాకు మాత్రం చెయ్యి రాలేదు. ఎందుకో ఈ రోజు చెప్పాలి.

మస్తాన్ గారు మా వర్క్‌షాప్‌లో పదకొండేళ్లు ఇన్‌స్పెక్టర్. మేం చేసేవి చిన్న పార్టులే. కానీ వెళ్లేది మిలిటరీ విమానానికి. శత్రువుల రాడార్లను జామ్ చేసే విమానం. అందులోని ఎలక్ట్రానిక్ పెట్టెల మూతలు పాడైతే, వాటి బదులు బిగించే అల్యూమినియం మూతలు మావి. మూత వెంట్రుకవాసి వంగినా సిగ్నల్ బయటికి లీకవుతుంది.

అందుకే ఆయనది ఒకటే రూల్. కింద పడిన పార్టు తుక్కు వేసే ఎర్ర డబ్బాలోకి పోవాలి. గీత పడిందా లేదా అని కూడా చూసేవారు కాదు.

ఒకసారి కస్టమర్ల ముందే నా చేతిలోంచి ఒకటి జారింది. ఆయన తీసి టక్కున డబ్బాలో వేశారు. "దాని పని అయిపోయిందండీ సార్. మీరు టీ తాగండి," అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఓనర్‌ని కదా!

నాలుగేళ్ల కిందట ఒక శుక్రవారం. నలభై మూతలూ కొలిచి, సంతకం పెట్టి, ఆయన నమాజుకు వెళ్లారు. నేను ప్యాక్ చేస్తుంటే ఒకటి నేల మీద పడింది. ఇంకోటి చేయడానికి మెటల్ లేదు. బయట ట్రాన్స్‌పోర్ట్ బండి హారన్ కొడుతోంది.

చొక్కాతో తుడిచి, పెట్టెలో పెట్టేశాను.

వారం తిరక్కుండా కస్టమర్ల నుంచి ఫోన్. ఒక మూత వంగి ఉందట. మీ ఇన్‌స్పెక్టర్ ఎలా సంతకం పెట్టాడని అడిగారు.

"పెద్దాయన కదండీ, చూపు కాస్త మందగించింది," అన్నాను.

ఆయన నా ఎదురుగానే ఉన్నారు. "నేను చూసినప్పుడు బాగానే ఉందండీ సార్," అన్నారు మెల్లగా. నేను తలెత్తలేదు.

మర్నాటి నుంచి ఆయన పనికి రాలేదు. నా మాట మాత్రం ఆటోనగర్ అంతా తిరిగింది. ఎవరూ ఆయన్ని ఇన్‌స్పెక్షన్‌కి పెట్టుకోలేదు. వన్ టౌన్‌లో బావమరిది తాళాల కొట్లో కూర్చున్నారు. అటు పనిపడితే నేను పక్క సందులోంచి వెళ్లేవాణ్ణి. అంత ధైర్యవంతుణ్ణి!

ఆయనకు అంతా తెలుసనీ, నా పరువు కోసం నోరు విప్పలేదనీ ఇన్నాళ్లూ అనుకున్నాను.

నిన్న వాళ్లింటికి వెళితే కూతురు అడిగింది. "సార్, నాన్న మూడుసార్లు కంటి డాక్టర్ దగ్గరికెళ్లారండీ. అంతా బాగానే ఉందన్నారు. మరి ఆ మూత దగ్గర ఎలా పొరపాటు పడ్డానా అని మొన్నటిదాకా అంటూనే ఉన్నారు. మీకేమైనా తెలుసాండీ?"

ఆయనకు తెలియనే తెలియదు. నా మాట నమ్మి, నాలుగేళ్లు తన కళ్లనే అనుమానించుకుంటూ బతికారు.

నిన్న ఏదో పని ఉందని చెప్పి వచ్చేశాను. ఈ రోజు పొద్దున మళ్లీ వెళ్లి అంతా చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ అమ్మాయి చివరిదాకా విన్నది.

"మొన్న చెప్పినా బాగుండేదండీ," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆటోనగర్‌లో అందరూ చదవండి. మూత పడేసింది నేను. పెట్టెలో పెట్టింది నేను. అబద్ధం చెప్పింది నేను. దయచేసి కింద నన్ను ఓదార్చే కామెంట్లు పెట్టకండి.

మస్తాన్ గారూ, మీ చూపు చివరిదాకా బాగానే ఉందండీ. అల్లా దగ్గరైనా మీ మనసు కుదుటపడాలి.