వీపుకు అంగుళం ఎక్కువ

మా బాబాయి దర్జీ. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒకటే కొట్టు, ఒకటే మిషను, వీపు ఆనించే వీల్లేని ఒకటే స్టూలు. పొద్దున్నే దాని మీద కూర్చుంటే భోజనానికి లేవడం, మళ్ళీ షట్టరు దించడానికి లేవడం. మధ్యలో లేస్తే కుట్టు వంకరపోతుందంటాడు. కుట్టు సంగతేమోగానీ, వంకరపోయింది మాత్రం ఆయన నడుం.

ఆయనకో గొప్ప ఉంది. కుట్టిన చొక్కా ఒక్కటి కూడా తిరిగి రాలేదని. కొత్తవాళ్ళకు ఈ మాట చెప్తాడు, పాతవాళ్ళకు గుర్తుచేస్తాడు, కొట్లో ఎవరూ లేకపోతే పిన్నికి చెప్తాడు.

ఒకరోజు కింద పడ్డ దారపు ఉండ కోసం వంగి, అలాగే ఉండిపోయాడు. నేనూ పిన్నీ చెరో రెక్కా పట్టుకుని లేపాం. డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. "నిటారుగా కూర్చోండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. ఆర్నెల్లు చూద్దాం. తేడా రాకపోతే మాత్రం మిషను మానెయ్యాలి."

బాబాయికి మిషను తప్ప ఇంకో పని రాదు. టీ పెట్టుకోవడం కూడా రాదు. ఆయన ముఖంలో భయం చూస్తే నాకూ నిజంగానే భయమేసింది.

అంత భయంలోనూ మారాడా అంటే, లేదు. పిన్ని ఫోనులో అలారం పెట్టింది. అది మోగగానే కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచి నొక్కేసేవాడు. లోపల్నుంచి పిన్ని "లేచారా?" అంటే, "లేచానులే" అనేవాడు. మూడు నెలలు ఇలాగే గడిచిపోయాయి.

ఆయన్ని అనడమెందుకు, నాదీ అదే బాపతు. కంప్యూటరు ముందు ఉద్యోగం. మనిషికంటే ముందు మెడ ఇంట్లోకి వచ్చేది. నాకూ నడుం పట్టేసిందిగానీ, నేను పిరికివాణ్ణి కాబట్టి డాక్టరు చెప్పినవన్నీ చేశాను. గోడకు వీపు ఆనించి నిలబడ్డాను, ఫోనొస్తే నడుస్తూ మాట్లాడాను. ఆఫీసులో నాకు వాచ్‌మన్ అని పేరు పెట్టారు. పడ్డాను.

ఆ రోజుల్లోనే బాబాయి నాకో చొక్కా కుట్టాడు. ఇంటివాణ్ణే కదా అని కొత్తగా కొలవకుండా పుస్తకంలో పాత కొలతలు చూసుకున్నాడు. తొడుక్కుంటే కాలరు కింద గుడ్డంతా పోగుపడింది, ముందువైపు అంచు పైకి లేచింది. తీసుకెళ్ళి కౌంటరు మీద పెట్టాను.

బాబాయి ముఖం మాడిపోయింది. "ఉతికావా?"

"లేదు బాబాయ్."

"అయితే లావయ్యావు."

"తగ్గాను."

"తొడుక్కో, చూద్దాం."

నడుం మీద చెయ్యేసుకుని నా చుట్టూ తిరిగాడు. టేపు తీసి వీపు కొలిచాడు, పుస్తకం చూశాడు, మళ్ళీ కొలిచాడు. "నీ వీపు అంగుళం తగ్గిందిరా," అన్నాడు.

అప్పుడు బయటపెట్టాడు అసలు సంగతి. కుర్చీ ఉద్యోగాల వాళ్ళకు వీపు ముక్క అంగుళం పెంచి, ముందు ముక్క కాస్త తగ్గించి కత్తిరించడం ఆయనకు ఏళ్ళ అలవాటట. అలా కత్తిరిస్తే వంగిన వీపు మీద కూడా చొక్కా ముడత లేకుండా కూర్చుంటుంది. వాళ్ళేమో అద్దంలో చూసుకుని మురిసిపోతూ వెళ్తారు. చెప్తే నొచ్చుకుంటారని ఎవరికీ చెప్పలేదు. ఇన్నాళ్ళూ నేను మురిసిపోయిందీ అలాగేనన్నమాట. నాకు ఒళ్ళు మండింది.

"అంటే ఇది తగ్గుతుందా?" అన్నాడు బాబాయి, గొంతు తగ్గించి. డాక్టరు చెప్తే నమ్మని మనిషి టేపు చెప్తే నమ్మాడు.

ఆ సాయంత్రమే పిన్ని చేత తన వీపు కొలిపించుకున్నాడు. మామూలుకంటే రెండంగుళాలు ఎక్కువ. గుడ్డ పరిచి, నిటారు మనిషి కొలతకు తనకో చొక్కా కత్తిరించుకున్నాడు. అది తొడుక్కుని మిషను మీదికి వంగితే చాలు, భుజాల దగ్గర పట్టేస్తుంది. వెనక్కి జరిగి కూర్చుంటే వదులుతుంది. అలారం నోరు నొక్కినట్టు దీని నోరు నొక్కడం కుదరలేదు. చచ్చినట్టు బల్ల కింద చెక్కలు పెట్టి మిషను ఎత్తు పెంచాడు. కాజాలు నిలబడి కుట్టడం మొదలుపెట్టాడు. రోజంతా చొక్కాను తిట్టుకుంటూనే ఉండేవాడు, కుట్టింది ఎవరో పరాయివాడైనట్టు.

డాక్టరు పెట్టిన ఆర్నెల్ల గడువు రేపటితో ముగుస్తుందనగా పిన్ని మళ్ళీ టేపు పట్టింది. రాయడానికి నేను.

"అంగుళం తగ్గిందండీ."

బాబాయి వెనక్కి తిరగలేదు. "మెడ ఎముక కిందనుంచి మొదలుపెట్టావు. పైనుంచి పట్టు."

పిన్ని టేపు పైకి జరిపింది. "అర," అంది. "దిగులుపడతారని."

"ఆ అరైనా నిజమేనా?"

పిన్ని టేపు నా చేతికిచ్చింది. నేను రెండుసార్లు కొలిచాను. అర అంగుళం నిజంగానే తగ్గింది. "నిజమే బాబాయ్," అన్నాను. నేను పుస్తకం తెరిచి పెన్ను తీశాను.

"పెన్నొద్దురా," అన్నాడు. "పెన్సిలుతో రాయి. ఇంకా తగ్గుతుంది."