గట్టిపొట్ట డ్రైవరూ, దక్షిణ దీవుల పక్షులూ

కొండదారి బస్సు నడిపే ఆయన్ని డిపోలో అందరూ గట్టిపొట్ట అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు లెండి. మలుపుల్లో ఎవరైనా నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారా, ఇక అయిపోయారన్నమాటే! అద్దంలోంచి చూసి, "ఏం బాబూ, తిన్నదంతా అప్పుడే అప్పజెప్పేస్తున్నావా?" అని బస్సంతా నవ్వేలా అనేవాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తనకి ఒక్కసారి కూడా కడుపులో తిప్పలేదని చెప్పుకోని రోజు లేదు. స్టీరింగు తన చేతిలో ఉంది కాబట్టే తిప్పలేదన్న సంగతి ఆ మహానుభావుడి బుర్రకి తట్టలేదు.

ఆయన భార్య స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో పనిచేస్తుంది. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర కూర్చుని టీవీలో దక్షిణ సముద్రపు దీవుల్ని చూసింది. ఎక్కడో భూమి చివరుంటాయి అవి. పెంగ్విన్లు మనుషుల్ని లెక్కచెయ్యకుండా వాళ్ల కాళ్ల పక్కనుంచే నడిచిపోతున్నాయి. ఆల్బట్రాస్ అట, మనిషికంటే పొడుగు రెక్కలున్న పక్షి, గూట్లో పిల్లని పొదువుకుని కూర్చుంది. ఇంటికొచ్చి, "ఏమండీ, నాకు నగా వద్దు, నట్రా వద్దు. ఒక్కసారి అక్కడికి తీసుకెళ్లండి" అంది. ఆవిడ నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"ఓస్, అంతేనా!" అన్నాడాయన.

ఆయన రిటైరైన ఏడాది ఓడ ప్రయాణం ఖాయమైంది. కొత్త కలుపు మొలవకుండా, బయటి గింజ ఒక్కటి కూడా ఆ దీవుల మీద రాలకూడదని అక్కడి నియమం. దాంతో ఆవిడ ఇద్దరి కోట్ల జేబులూ తిరగేసి, కుట్ల సందుల్లో ఇరుక్కున్న నలుసుల్ని సూదిమొనతో ఏరింది. బూట్ల అడుగుల్ని పాత బ్రష్షుతో తోమింది.

"నా మొహం కూడా ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూళ్లేదు నువ్వు" అని ఆయన ఏడిపిస్తే, "మీ మొహంతో పక్షులకేం పని?" అని నవ్వేది.

ప్రయాణం దగ్గరపడింది. సముద్రం కూడా తననేం చెయ్యలేదని డిపోలో గొప్పలు చెప్పుకోడానికి పనికొస్తుందని, ఒక ఆదివారం ఆయన ఒక్కడే వెళ్లి రేవులో షికారు పడవ ఎక్కాడు. కూర్చోడానికి బల్ల ఉంది గానీ పట్టుకోడానికి స్టీరింగు లేదు. పడవ అలల మీదికి రాగానే కడుపులో దేవడం మొదలైంది. ఆ తర్వాత, చెప్పకేం, పేగులు నోట్లోకొచ్చినంత పనైంది. పడవ నడిపే మనిషి బకెట్టు అందిస్తూ, "మొదటిసారా పెద్దాయనా?" అని జాలిగా అడిగాడు. ఆ జాలికి ఈయనకి తల కొట్టేసినట్టయింది. బస్సులో తను ఎగతాళి చేసిన మొహాలన్నీ గుర్తొచ్చాయి. ఒడ్డున కుళాయి దగ్గర చొక్కా కడుక్కుని, తడిబట్టలతోనే ఇంటికెళ్లాడు.

ఇంట్లో చెప్పేస్తే పోయేది. ఆవిడ కాసేపు నవ్వి ఊరుకునేది. కానీ నోరు రాలేదు. మర్నాడు ట్రావెల్స్ ఆఫీసుకి ఫోన్ చేసి, కడుపు సంగతి చెప్పుకుని ప్రయాణం రద్దు చేయించాడు. ఇంట్లో మాత్రం, "అక్కడి పక్షులకేదో జబ్బు తగులుకుందట. గుట్టలుగా చచ్చిపోతున్నాయట. దీవులు మూసేశారు" అన్నాడు.

అలుగుతుందనుకున్నాడు. ఆవిడ అలగలేదు. తోమిన బూట్ల పక్కన చతికిలబడి ఏడ్చింది. "పిల్లలు కూడానా అండీ?" అని అడిగింది.

"పిల్లలు కూడా" అన్నాడు. ఏం చెయ్యాలో తోచక ఆవిడ వీపు నిమిరాడు. ఛీ, ఏం బతుకురా నాది అని లోపల్లోపల తిట్టుకున్నాడు. తిట్టుకున్నాడు గానీ నిజం మాత్రం చెప్పలేదు.

ఆ రోజు నుంచి పని నుంచి రాగానే ఆవిడది ఒకటే ప్రశ్న. "ఏమైనా తెలిసిందా?" మనసాగక, "కొంచెం తగ్గిందట" అనేవాడు. ఆవిడ మొహం వెలిగిపోయేది. వెంటనే నాలిక కరుచుకుని, "అబ్బే, మళ్లీ తిరగబెట్టిందట" అనేవాడు. పాపం ఆ పక్షులు ఈయన వీలుని బట్టి కోలుకుంటూ, జబ్బుపడుతూ ఉండేవి. "నా బాధ చూడలేక మా ఆయన సరిగ్గా తినడం కూడా మానేశారు" అని ఆవిడ షాపులో చెప్పుకుందట. షాపు వాళ్లు దారిలో కనబడి మెచ్చుకుంటే, ఆయనకి ఎక్కడైనా మొహం దాచుకుంటే బాగుండుననిపించేది.

ఒకరోజు ఆయన స్నానానికెళ్లినప్పుడు ఫోన్ మోగింది. ఆవిడ ఎత్తింది. ట్రావెల్స్ అమ్మాయి. "ఆంటీ, అంకుల్ పడవలో వాంతులయ్యాయని మానుకున్నారు కదా? దానికి మాత్రలున్నాయి, ఓడలో సగం మందికి వాంతులవుతాయి. మీ చోటు ఇంకా ఖాళీగానే ఉంది" అంది.

"మరి పక్షుల జబ్బో?"

"జబ్బేంటాంటీ? ఈ ఏడాది పిల్లలు బోలెడున్నాయట."

ఆయన తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చేసరికి ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది. "వాంతైందని చెప్పలేక అన్ని పక్షుల్ని చంపేశారా అండీ?" అంది.

నవ్వొచ్చే మాటే. ఆవిడ మొహం చూస్తే నవ్వు రాలేదు. నీళ్లోడుతూ బిక్కచచ్చి నిలబడ్డాడు.

"సిగ్గేసిందే. తప్పయిపోయింది. నేనూ వస్తాను. మాత్రలేసుకుంటాను, దారంతా బకెట్టు పట్టుకునే కూర్చుంటాను."

"వాంతికి సిగ్గుపడ్డారు, సరే. అబద్ధమాడారు, అదీ సరే. పిల్లలు కూడా చచ్చిపోయాయని నేను ఏడుస్తుంటే నా వీపు నిమిరారే, అప్పుడు సిగ్గెయ్యలేదా?"

"వేసింది" అన్నాడాయన. "వేసినా నిమిరాను."

ఆవిడ ఫోన్ తీసి, ఆ అమ్మాయికే మళ్లీ కలిపి, ఒక్కరికే చోటు ఉంచమంది.